నర్సింగ్ ఎందుకని అడిగితే నిజం చెప్పొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సింగ్ కోర్సుకి దరఖాస్తు పెడుతున్నారు. ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నారో, ముందు ముందు ఏం చేయాలనుకుంటున్నారో ఒక పేజీ రాసివ్వమన్నారు. తర్వాత ఇంటర్వ్యూ ఉంది. మీ అసలు కారణం, చదువు అయిపోగానే ఉద్యోగం దొరుకుతుందన్నది. స్నేహితులేమో ‘అలా రాస్తే సీటు రాదు, చిన్నప్పటి నుంచి సేవ చేయాలని కోరిక అని రాయి’ అంటున్నారు. అబద్ధం రాయాలా, నిజం రాసి సీటు పోగొట్టుకోవాలా అన్నది మీ టెన్షన్. చివర్లో రెండు ముక్కలు అదనంగా చేర్చారు. మీ నాన్నగారు 11 రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక నర్సు డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ ఆయన పిక్కల కింద దిండు సర్దేదని, ఎందుకని మీరు అడిగితే ‘మడమలు పరుపుకి తగలకూడదు’ అందని రాశారు. రక్తం చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయని కూడా రాశారు.

నేను 24 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. సర్జికల్ వార్డులో మొదలుపెట్టాను, ఐసీయూలో చేశాను, ఇప్పుడు విద్యార్థులకు క్లినికల్ నేర్పుతున్నాను. మీరు రాయబోయే లాంటి పేజీలు కొన్నేళ్ళపాటు కట్టలు కట్టలుగా చదివాను, ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. కాబట్టి అవతలివాళ్ళకి మీ కాగితం ఎలా కనిపిస్తుందో ముందు చెప్తాను.

పది కాగితాలు తీస్తే ఏడెనిమిది ఒకేలా మొదలవుతాయి. చిన్నప్పటి నుంచి కోరిక, మానవ సేవే మాధవ సేవ, చేతిలో దీపంతో ఫ్లోరెన్స్ నైటింగేల్. చదివేవాళ్ళకి కోపం రాదు, కన్ను మాత్రం జారిపోతుంది. ఆ వాక్యాలు రాసిన మనిషి ఎవరో వాటిలో ఎక్కడా కనపడరు. ఇంటర్వ్యూలో ‘సేవ అంటున్నారు కదా, ఎవరికి ఏం చేశారు?’ అని అడిగితే చాలామంది ఆగిపోతారు. చేసి ఉండకపోవడం తప్పేమీ కాదు, పదిహేడు పద్దెనిమిదేళ్ళవాళ్ళు ఏం చేసి ఉంటారు? కానీ అప్పటిదాకా చెప్పిందంతా కంఠస్థమని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

నైటింగేల్ పేరు రాయాలనే ఉంటే దీపం వదిలేసి ఆవిడ చేసిన లెక్కల గురించి రాయండి. క్రిమియా యుద్ధం రోజుల్లో, 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆవిడ టర్కీలోని స్కుటారీలో ఉన్న బ్రిటిష్ సైనిక ఆస్పత్రికి వెళ్ళేసరికి, అక్కడ సైనికులు గాయాల వల్ల చనిపోతున్నదాని కన్నా కలరా, టైఫస్, విరేచనాల వల్ల చనిపోతున్నది చాలా ఎక్కువ. 1855 మార్చిలో ఒక శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు శుభ్రం చేయించి, గాలి ఆడేలా చేశాక మరణాలు బాగా తగ్గాయి. యుద్ధం అయ్యాక ఆవిడ కూర్చుని ఎంతమంది, ఏ నెలలో, దేనివల్ల చనిపోయారో లెక్క కట్టి, రంగు రంగుల పటాలు గీసి 1858లో అధికారుల ముందు పెట్టారు. లండన్‌లో సెయింట్ థామస్ ఆస్పత్రి దగ్గర నర్సింగ్ స్కూలు మొదలైంది ఆ తర్వాతే, 1860లో. కళ్ళముందు జరుగుతున్నదాన్ని వదలకుండా చూసి, రాసి పెట్టి, అవతలివాళ్ళు ఒప్పుకునేదాకా చూపించడం ఆవిడ పని. ఈరోజు వార్డులో చార్టు రాసే నర్సు చేస్తున్నదీ అదే.

ఇక ఉద్యోగం కోసం రావడం తప్పా? కాదు. ఇంత సూటిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ అందుకే వచ్చాను. ఫీజు తక్కువ, హాస్టల్ ఉంది, నాలుగేళ్ళలో నా కాళ్ళమీద నేను నిలబడొచ్చు. నా దరఖాస్తు నింపింది కూడా మా అక్క. సేవ అన్న మాట నా తలలో ఎక్కడా లేదు. నా బ్యాచ్‌లో ఆ మాట ఎక్కువగా చెప్పినవాళ్ళలో ఇద్దరు రెండో ఏడాదికే మానేశారు, నాలాగా జీతం కోసం వచ్చినవాళ్ళం ఇంకా వార్డుల్లోనే ఉన్నాం. ఇది సూత్రమని అనను, మా బ్యాచ్‌లో జరిగింది చెప్తున్నాను.

ఉద్యోగాలున్న మాటా నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచం మొత్తం మీద 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. ఇలాంటి కొరత ఉన్న పని ఎంచుకోవడం తెలివైన నిర్ణయం. దాన్ని దాచుకోవాల్సిన అవసరం లేదు. ‘నా కుటుంబానికి స్థిరమైన ఆదాయం కావాలి, అది కూడా ఒక కారణం’ అని ఒక్క వాక్యం రాస్తే ఏ ప్యానెల్లోనైనా బుద్ధి ఉన్నవాళ్ళు ఉలిక్కిపడరు. నేనైతే అలాంటి కాగితాన్ని పక్కన పెట్టుకుని ఆ మనిషితో ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ మాట్లాడేదాన్ని.

అయితే అక్కడితో ఆగకండి. జీతం మిమ్మల్ని వార్డు గుమ్మం దాకా తెస్తుంది, నెల నెలా మళ్ళీ డ్యూటీకి పంపిస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకి, వరసగా నాలుగో నైట్ డ్యూటీలో, ఆరో నంబరు మంచం ఆయన పదకొండోసారి బెల్ కొట్టినప్పుడు మీరు ఏ మొహంతో వెళ్తారన్నది జీతం చెప్పలేదు. సేవా భావం కూడా చెప్పలేదని నా అనుభవం. సేవ చేస్తే దండం పెడతారనే ఆశ మనకి తెలియకుండానే లోపల ఉంటుంది. వార్డులో తిడతారు. నొప్పిలో ఉన్నవాళ్ళు తిడతారు, భయంతో ఉన్న బంధువులు ఇంకా ఎక్కువ తిడతారు, మతి తప్పిన పెద్దాయన చెయ్యి విసురుతాడు. దండం కోసం వచ్చినవాళ్ళు అక్కడ విరిగిపోతారు. మార్లిన్ క్రేమర్ అనే అమెరికన్ నర్సు పరిశోధకురాలు 1974లోనే దీనికి ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టారు. స్కూల్లో నేర్చుకున్న నర్సింగ్‌కీ, వార్డులో దొరికే నర్సింగ్‌కీ మధ్య ఉన్న తేడా చూసి కొత్త నర్సులు కుదేలవడం అది.

మరి మూడు గంటలకి మనిషిని నిలబెట్టేది ఏమిటి? నాకు దొరికిన జవాబు ఒక సంఘటనతో చెప్తాను.

రెండో ఏడాది. మానేద్దామని దాదాపు నిర్ణయించుకున్న రోజులు. సర్జికల్ వార్డులో పేగు ఆపరేషన్ అయి మూడో రోజున ఉన్న ఒకాయన. జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది, పల్స్ కొంచెం ఎక్కువ. పొద్దున రౌండ్స్‌లో అంతా సరిగ్గా ఉందన్నారు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన దుప్పటి అంచు పట్టుకుని మెలితిప్పుతున్నాడు. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగానే ఉందమ్మా’ అన్నాడు. ఏదో తేడాగా అనిపించింది, అంతకు మించి నాకేమీ తెలీదు.

ఇక్కడ ఒక గుట్టు చెప్పాలి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టి రాయాల్సిన గడి ప్రతి చార్టులో ఉంటుంది. అన్ని గడుల్లోకీ నిర్లక్ష్యానికి గురయ్యేది అదే. బీపీకి మెషీన్ ఉంది, పల్స్‌కి మెషీన్ ఉంది, ఊపిరికి వాచీ పట్టుకుని ఒక నిమిషం నిలబడాలి. నిలబడే తీరిక లేక చాలాచోట్ల 18 అనో 20 అనో రాసేస్తారు. మీరు ఏ వార్డుకైనా వెళ్ళి వరసగా పది చార్టులు చూడండి, పదిమందీ 18 సార్లే ఊపిరి తీస్తుంటే నవ్వుకోండి. పెద్దవాళ్ళలో మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉండాలి. మనిషి లోపల పరిస్థితి చెడుతుంటే చాలాసార్లు అన్నిటికన్నా ముందు మారేది ఈ అంకే.

ఆయన చార్టులో కూడా 18 అని ఉంది. నేను వాచీ పట్టుకుని నిలబడ్డాను. 28 వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను, 28. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, ఏమీ అనకుండా వచ్చి, తానూ లెక్కపెట్టి డాక్టర్‌కి ఫోన్ చేసింది. లోపల పేగు కుట్టు దగ్గర లీకయింది. ఆ రాత్రికే మళ్ళీ ఆపరేషన్ చేశారు. ఆయన బతికాడు, మూడు వారాలకి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు సర్జన్‌కి చేతులెత్తి దండం పెట్టాడు. నేను ఎవరో ఆయనకి తెలీదు, వాచీ సంగతి అసలే తెలీదు.

ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్ళి మానేసే ఉత్తరం చించేశాను అంటే సినిమాలా ఉంటుంది. అలాంటిదేమీ జరగలేదు. నిద్రపోయాను. కానీ మర్నాటి నుంచి ఊపిరి గడి నిజంగా లెక్కపెట్టి నింపడం మొదలుపెట్టాను. నేను గమనించడం వల్ల ఒక మనిషి లెక్క మారింది, ఆ సంగతి నాకు తెలుసు, అంతే. ఎవరూ మెచ్చుకోకపోయినా అది తగ్గలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను వార్డులో ఉంచుతున్నది అలాంటివే, కాకపోతే 28 లాంటి రోజులు అరుదు. మిగతా రోజులు చిన్న చిన్నవి. సెలైన్ పైపు మడతపడింది, మెషీన్ కూయకముందే చూశాం. మాట తడబడుతోంది, నిన్న లేదు. పళ్ళెం అలాగే ఉంది, తినలేకపోతున్నాడా, తినడం ఇష్టం లేదా?

అందుకే మీ దిండు సంగతి నన్ను ఆపింది. మంచం దిగలేని మనిషికి మడమ దగ్గర ఎముకకీ చర్మానికీ మధ్య కండ ఉండదు. బరువంతా ఆ చిన్న చోట పడితే రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. మొదట ఎర్రటి మచ్చ, తర్వాత పొక్కు, ఆ తర్వాత నెలలు పట్టినా మానని పుండు. దిండుని పిక్కల కింద పెడితే మడమలు గాలిలో ఉంటాయి. బెడ్‌సోర్ ఎవరికి వచ్చే ప్రమాదం ఉందో అంచనా వేయడానికి 1980లలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు నర్సులు ఒక స్కేల్ తయారు చేశారు. స్పర్శ తెలుస్తోందా, చర్మం తడిగా ఉంటోందా, లేచి తిరుగుతున్నారా, మంచంలోనే అటూ ఇటూ కదలగలుగుతున్నారా, సరిగ్గా తింటున్నారా, ఒళ్ళు దుప్పటికి రాసుకుంటోందా అన్న ఆరు విషయాలకి మార్కులు వేస్తారు. అత్యధికం 23, తక్కువైన కొద్దీ ప్రమాదం ఎక్కువ. మీ నాన్నగారి దిండు వెనుక ఇంత ఉంది. ఆయన మడమకి పుండు రాలేదు కాబట్టి ఆ నర్సు ఏం చేసిందో ఎవరికీ కనపడలేదు.

మీకు కనపడింది. 11 రోజుల ఆందోళనలో, ఎవరెవరో వచ్చి పోతుంటే, మీరు ఒక దిండుని చూశారు. ప్రతిసారీ అదే చోట పెడుతోందని చూశారు. ఎందుకని అడిగారు. ఉద్యోగం కోసమే వస్తున్నానని పేజీ అంతా రాసి, అసలు కారణాన్ని ‘ఇంకో విషయం’ అని అడుగున పడేశారు. మీ కాగితం అక్కడ మొదలుపెట్టండి. ‘మా నాన్నగారి మడమల కింద గాలి ఉండేలా ఒక నర్సు రోజూ చూసింది’ అని మొదటి వాక్యం ఉంటే చదివేవాళ్ళు ఆగుతారు. తర్వాత ఆవిడ చెప్పిన జవాబు, అది విన్నాక మీకేం అనిపించిందో, ఆ పని మీరు నేర్చుకోగలరని ఎందుకు అనుకుంటున్నారో రాయండి. ఆ తర్వాత ఆదాయం సంగతి ఒక వాక్యం. నైటింగేల్ అక్కర్లేదు.

ఒక మాట, ‘ఆ నర్సుని చూసి నా జీవితం మారిపోయింది’ అని మాత్రం రాయకండి. మారలేదు కదా.

కాగితం సంగతి అలా ఉంచి, మీకు మీరు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్యానెల్ అడగకపోవచ్చు. నర్సింగ్‌లో సగం పని ఒంటితో. వాంతి, మలం, మూత్రం, చీము, కఫం. మొదట్లో అసహ్యం అందరికీ వేస్తుంది, నాకూ వేసింది. కొన్ని వారాలకి ముక్కు అలవాటు పడుతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. నేను చూసేది వేరే. బెడ్‌పాన్ తీసేటప్పుడు మీ దృష్టి వాసన మీద ఉందా, సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకున్న ఆ మనిషి మీద ఉందా? తెర లాగడం, దుప్పటి కప్పడం, ఆ రెండు నిమిషాలూ మామూలుగా ఏదో మాట్లాడడం. ఇది నేర్పితే చాలామందికి వస్తుంది, కొందరికి ఎంత నేర్పినా రాదు. మీరు ఏ రకమో తెలియాలంటే దరఖాస్తుకి ముందే ఒక పని చేయండి. ఇంట్లోనో, తెలిసినవాళ్ళలోనో మంచం పట్టినవాళ్ళుంటే ఒక రాత్రంతా వాళ్ళ దగ్గర మీరొక్కరే ఉండి చూడండి. లేకపోతే ఏదైనా వృద్ధాశ్రమంలో అడిగి కొన్నాళ్ళు వెళ్ళండి. తెల్లారేసరికి అలసట వస్తుంది, విసుగూ వస్తుంది, రెండూ మామూలే. వాళ్ళు ఎలా ఉన్నారో చెప్పమంటే మీ దగ్గర చెప్పడానికి నాలుగు విషయాలున్నాయా లేదా అన్నది చూసుకోండి.

ఇంట్లోవాళ్ళ బలవంతం మీద వస్తున్నవాళ్ళతో, డాక్టర్ సీటు రాలేదు కాబట్టి ఇటు వస్తున్నవాళ్ళతో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. రెండోవాళ్ళలో మంచి నర్సులైనవాళ్ళు లేకపోలేదు. కానీ నర్సింగ్‌ని చిన్న సైజు డాక్టరీ అనుకుంటే ప్రతి రౌండ్స్‌లోనూ మనసు చివుక్కుమంటుంది. వర్జీనియా హెండర్సన్ అనే నర్సు ఈ పనికి చెప్పిన నిర్వచనం నాకిష్టం. బలం, ఇష్టం, తెలివిడి ఉంటే మనిషి తనకి తాను చేసుకునేవే, ఊపిరి తీసుకోవడం, తినడం, కదలడం, నిద్రపోవడం, నలుగురితో మాట్లాడడం, అవి చేసుకోలేనప్పుడు సాయపడుతూ, వీలైనంత త్వరగా మళ్ళీ తనే చేసుకునేలా చూడడం. జబ్బు పేరేమిటన్నది డాక్టర్ ప్రశ్న. ఈ జబ్బుతో ఈ మనిషికి ఇవాళ రోజెలా గడుస్తుందన్నది నర్సు ప్రశ్న.

ఇక లక్ష్యాలు. ‘ఐదేళ్ళలో ఎక్కడుంటారు?’ అని అడుగుతారు. ‘హెడ్ నర్సుగా’, ‘విదేశాల్లో’, ‘పీజీ చేసి’ అని హోదాలు చెప్పడం మామూలు. హోదా కావాలనుకోవడంలో తప్పు లేదు, కానీ చదువే మొదలుపెట్టని మనిషి నోట అది గాలిమాటలా వినిపిస్తుంది. ఏమవుతారో చెప్పే బదులు ఏం చేయగలుగుతారో చెప్పండి.

దీనికి పనికొచ్చే కొలత ఒకటుంది. పట్రీషియా బెన్నర్ అనే నర్సు 1984లో, నర్సు అనుభవం ఐదు మెట్లుగా పెరుగుతుందని వివరించారు. చదరంగం ఆటగాళ్ళ మీద, పైలట్ల మీద డ్రైఫస్ సోదరులనే అమెరికన్ ప్రొఫెసర్లు చేసిన అధ్యయనాన్ని తెచ్చి వార్డుకి అన్వయించారు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళు నియమాలు పట్టుకుని నడుస్తారు, బీపీ ఇంత ఉంటే ఫలానా వారికి చెప్పు అన్నట్టు. చివరి మెట్టు మీదున్నవాళ్ళు గదిలో అడుగు పెట్టగానే ‘ఈయన బాగాలేడు’ అంటారు, ఎందుకో తర్వాత చెప్తారు. మధ్యలో, తన రోజుని తాను ప్లాన్ చేసుకుని ఏది ముందు ఏది వెనక అని నిర్ణయించగల మెట్టు ఉంది. ఒకే రకం వార్డులో రెండు మూడేళ్ళు పనిచేస్తే అక్కడికి చేరతారని ఆవిడ అంచనా. నేను నేర్పిన విద్యార్థుల్లో చూసింది కూడా దాదాపు అంతే.

అంటే డిగ్రీ చేతికి వచ్చాక మొదటి ఏడాది లక్ష్యం ఒక్కటే, ఎవరికీ హాని జరగకుండా చూడడం. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారిలో (నోటి ద్వారానా, సూది ద్వారానా), సరైన వేళకి. తెలియనప్పుడు ‘తెలియదు’ అనే ధైర్యం. ఇది తక్కువ లక్ష్యం అనుకోకండి. రెండు మూడేళ్ళకి ఒక వార్డుని ఒక షిఫ్టు పాటు ఒంటిచేత్తో నడపగలగడం. ఆ తర్వాత దారి ఎంచుకోవచ్చు. ఆపరేషన్ థియేటర్, డయాలిసిస్, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, ఇళ్ళకి వెళ్ళి చూసే కమ్యూనిటీ నర్సింగ్, టీచింగ్. ఇంటర్వ్యూలో ఈ వరస చెప్పి, ‘ఏ దారో మూడేళ్ళు పనిచేశాక తెలుస్తుంది, ఇప్పటికి నాకు కుతూహలంగా ఉన్నది ఫలానాది’ అంటే నేనైతే మార్కులు వేస్తాను.

దూరపు లక్ష్యం ఎలా పుడుతుందో చెప్పడానికి నాకెప్పుడూ సిసిలీ సాండర్స్ గుర్తొస్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లో నర్సుగా శిక్షణ పొందారు. నడుం నొప్పితో ఆ పని చేయలేక ఆస్పత్రిలోనే రోగుల బాగోగులు చూసే సోషల్ వర్కర్ లాంటి ఉద్యోగంలో చేరారు. సాయంత్రాలు, చనిపోబోతున్నవాళ్ళని ఉంచే ఒక చోట వాలంటీరుగా పనిచేశారు. అక్కడి నర్సులు, నొప్పి మొదలయ్యాక రోగి అడిగితే ఇవ్వడం కాకుండా, గడియారం చూసి నొప్పి తిరిగి రాకముందే మార్ఫిన్ ఇస్తున్నారు. మిగతా ఆస్పత్రుల్లో ఎందుకలా చేయరన్న ప్రశ్న ఆవిడని పట్టుకుంది. దాని కోసం మళ్ళీ చదివి 1957లో డాక్టరయ్యారు, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. హాస్పిస్ అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే చోటు. నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టే, ఈరోజు పాలియేటివ్ కేర్ అంటున్న పద్ధతికి మూలం అదే. ఆవిడ ఐదేళ్ళ ప్లాను రాసుకుని ఉంటే అందులో ఇవేవీ ఉండేవి కావు.

1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ (అదనపు శిక్షణతో రోగుల్ని తానే పరీక్షించి చూసే నర్సు) కోర్సు పెట్టడం వెనుకా ఇలాంటి ప్రశ్నే ఉంది. డాక్టర్లు లేని పల్లెల్లో పిల్లల్ని ఎవరు చూస్తారని. కాబట్టి పెద్ద లక్ష్యం ఇప్పుడే లేదని కంగారు పడకండి. వార్డులో మిమ్మల్ని చిరాకు పెట్టేది, ఇలా ఎందుకు చేస్తున్నారు అనిపించేది ఒకటి తగులుతుంది. దాన్ని నోటు బుక్కులో రాసి పెట్టుకోండి.

నాకు తగిలింది మనుషుల కొరత. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో రాత్రిపూట 22 మంచాలకి నేనొక్కదాన్నే. ఒక రాత్రి ఒక ముసలావిడ మంచినీళ్ళు అడిగింది. ‘ఇప్పుడే వస్తానమ్మా’ అని వెళ్ళి, ఇంకో మూల ఒకరికి ఫిట్స్ వస్తే అక్కడే ఉండిపోయాను. మూడు గంటల తర్వాత గుర్తొచ్చి గ్లాసు పట్టుకెళ్తే ఆవిడ నిద్రపోయింది. పొద్దున ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ గ్లాసు నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. నాలోనే జాలి తగ్గిపోయిందేమో అనుకున్నాను, మంచి నర్సుని కాదేమో అనుకున్నాను. తర్వాతెప్పుడో లిండా ఐకెన్ అనే అమెరికన్ నర్సు పరిశోధకురాలి బృందం 2002లో ప్రచురించిన పరిశోధన చదివాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల లెక్కలు తీస్తే, నర్సుకి అప్పగించిన రోగుల సంఖ్యలో ఒక్కరు పెరిగిన కొద్దీ, ఆపరేషన్ కోసం చేరినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. అది చదివాక తప్పంతా నా మనసులోదే కాదని తెలిసింది. అప్పటి నుంచి, ఎక్కడ పనిచేసినా ఎంతమందికి ఒక నర్సు అన్న లెక్క అడగకుండా ఉద్యోగంలో చేరలేదు. మీరూ అడగండి. జీతం కన్నా ముందు అడగండి.

మీ లక్ష్యాల్లో మీ ఒళ్ళు కూడా ఉండాలి. నైట్ డ్యూటీలు నిద్రని, తిండిని, స్నేహాలని పాడుచేస్తాయి. మనుషుల్ని ఎత్తి ఎత్తి నడుం పోతుంది, సాండర్స్ చేత నర్సు పని మాన్పించింది కూడా నడుం నొప్పే. స్లైడ్ షీట్ (రోగిని ఎత్తకుండా జరపడానికి కింద పరిచే జారుడు గుడ్డ) ఉంటే వాడండి, లేకపోతే ఇంకొకర్ని పిలవండి, ఒక్కరే ఎత్తి హీరోలవ్వొద్దు.

రక్తం సంగతి మిగిలింది. ఇది మీరనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. రక్తం చూసినప్పుడు కొందరిలో గుండె వేగం, బీపీ ఉన్నట్టుండి పడిపోతాయి, మెదడుకి రక్తం చాలక కళ్ళు తిరుగుతాయి. పిరికితనానికీ దానికీ సంబంధం లేదు. నా విద్యార్థుల్లో ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు పడతారు, వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ నర్సు. దీనికి ఒక సాధన ఉంది. కూర్చుని చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలని గట్టిగా బిగించి, మొహం వెచ్చబడేదాకా పది పదిహేను సెకన్లు అలాగే ఉంచాలి. వదిలి అర నిమిషం ఆగాలి. ఇలా ఐదుసార్లు. దీనివల్ల బీపీ పడిపోకుండా ఉంటుంది. ఇంట్లో రోజూ చేసి అలవాటు చేసుకుంటే, తర్వాత వార్డులో నిలబడి కూడా ఎవరికీ తెలియకుండా చేయొచ్చు. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్ళకండి, కదలకుండా మోకాళ్ళు బిగించి నిలబడకండి. ఎప్పుడైనా పూర్తిగా స్పృహ తప్పితే మాత్రం డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. ఇవన్నీ చేసినా చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలైతే మొహమాటపడకుండా ‘సిస్టర్, కూర్చుంటున్నా’ అని పక్కనున్నవాళ్ళకి చెప్పి, గోడకి ఆనుకుని నేలమీద కూర్చోండి. ఎవరూ ఏమీ అనుకోరు. క్రిములు లేకుండా సిద్ధం చేసిన స్టెరైల్ ట్రే మీద పడితే మాత్రం అనుకుంటారు.